టైరు తినే ముందు చక్రం: మోరిస్ మైనర్‌లో ఎలైన్‌మెంట్ ఎందుకు నిలవదు

పాత కారు నడిపేవాళ్లకు ఈ వరస బాగా తెలుసు. బండి ఎడమకు లాగుతోందని ఎలైన్‌మెంట్ చేయిస్తారు. కొన్నాళ్లు నిదానంగా నడుస్తుంది, ఆ తర్వాత లాగుడు మళ్లీ మొదలవుతుంది. ఇంకో షాపుకు వెళ్తే అక్కడి మెషీన్ ఇంకో రకం అంకెలు చూపిస్తుంది. టై రాడ్లు (స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కడ్డీలు) మళ్లీ తిప్పుతారు. ఈలోగా కొత్త టైరు లోపలి అంచు అరిగి నున్నగా తయారవుతుంది. చివరికి ఎవరో ఒకరు "పాత బండి, అంతే" అని తేల్చేస్తారు.

ఆ తీర్పు తప్పు. మోరిస్ మైనర్ 1948లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ మోటార్ షోలో బయటికొచ్చినప్పుడు దానికి పేరు తెచ్చిన గుణాల్లో నికరమైన స్టీరింగ్ ఒకటి. అలెక్ ఇసిగోనిస్ దాన్ని ర్యాక్ అండ్ పినియన్ (పళ్ల చక్రం పళ్ల కడ్డీని అటూ ఇటూ జరిపే) స్టీరింగ్‌తో, ముందు రెండు చక్రాలకూ విడివిడిగా టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పని చేసే ఉక్కు కడ్డీ) సస్పెన్షన్‌తో రూపొందించాడు. చిన్న కార్లలో అలాంటి అమరిక అప్పట్లో అరుదు. ఈ బండినే మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ 'బేబీ హిందుస్థాన్' పేరుతో తయారు చేసింది. మనకు బాగా అలవాటైన అంబాసిడర్ కూడా అదే ఇంటిది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చింది కాబట్టి దాని ముందు భాగంలోనూ టార్షన్ బార్లే ఉంటాయి. అంకెలూ విడిభాగాలూ వేరైనా జబ్బును వెతికే పద్ధతి రెండింటికీ దాదాపు ఒకటే.

అసలు విషయం ఒక చిన్న సాంకేతిక వాస్తవంలో ఉంది. మైనర్ ముందు చక్రాల కోణాల్లో ఫ్యాక్టరీ సర్దుబాటుకు వదిలింది టో ఒక్కటే. క్యాంబర్, కాస్టర్, కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం దేని చుట్టూ తిరుగుతుందో ఆ కడ్డీ) వాలు మూడూ (ఈ కోణాల అర్థం కింద వస్తుంది) భాగాల కొలతల వల్ల, వాటిని బిగించిన చోటు వల్ల వాటంతట అవే రావాల్సినవి. వాటిని మార్చడానికి బోల్టు గానీ షిమ్ (సందులో పెట్టే పలచని రేకు) గానీ లేదు. కాబట్టి మైనర్‌ను మెషీన్ మీదికి ఎక్కించినప్పుడు క్యాంబర్ హద్దు దాటి ఎర్రగా కనిపిస్తే, ఏదో ఒక భాగం అరిగిందనో వంగిందనో జరిగిందనో అర్థం. ఆ భాగాన్ని పట్టుకోకుండా టో సరిచేసి పంపించడమంటే ఉన్న ఒక్క సర్దుబాటుతో లేని సర్దుబాట్ల పని చేయించడమే. అలా చేసిన టో నిలవదు, నిలిచే అవకాశమే లేదు.

నాలుగు కోణాలు, వాటి పని

మైనర్ 1000 వర్క్‌షాప్ లెక్కల ప్రకారం టో-ఇన్ 3/32 అంగుళం, అంటే 2.4 మిల్లీమీటర్లు. క్యాంబర్ 1 డిగ్రీ పాజిటివ్, కాస్టర్ 3 డిగ్రీలు, కింగ్ పిన్ వాలు 7.5 డిగ్రీలు.

టో-ఇన్ అంటే పైనుంచి చూసినప్పుడు రెండు చక్రాల ముందు అంచులు వెనక అంచుల కంటే కాస్త దగ్గరగా ఉండటం. వెనక చక్రాలతో నడిచే బండిలో రోడ్డు రాపిడి ముందు చక్రాలను వెనక్కి నెడుతుంది. జాయింట్లలో, రబ్బర్లలో ఉన్న కొద్దిపాటి సందు మేరకు అవి బయటికి తెరుచుకుంటాయి. ఆగి ఉన్నప్పుడు ఇచ్చిన టో-ఇన్ పరుగులో దాదాపు సున్నా కావాలన్నది దాని వెనకున్న ఆలోచన. క్యాంబర్ అంటే ముందునుంచి చూసినప్పుడు చక్రం నిటారు నుంచి ఎంత వాలిందన్నది. చక్రం పైభాగం బయటికి వాలితే పాజిటివ్, లోపలికి వాలితే నెగటివ్.

కాస్టర్, కింగ్ పిన్ వాలు మాత్రం కంటికి కనిపించవు, చేతికి తెలుస్తాయి. మలుపు తిరిగాక స్టీరింగ్‌ను వదిలేస్తే అది నడిమికి తిరిగొచ్చేది ఈ రెండింటి వల్లే. ఒరిగిన గుంజకు బిగించిన గేటు ఎవరూ తొయ్యకపోయినా తన చోటికి తాను వాలుతుంది, ఇక్కడా అంతే. కింగ్ పిన్ పక్కకు వాలి ఉండటంతో చక్రం తిరిగినప్పుడు బండి ముందు భాగం కాస్త పైకి లేస్తుంది. వదిలేస్తే ఆ బరువే చక్రాన్ని మళ్లీ నేరుగా తిప్పుతుంది. కాస్టర్ అంటే పక్కనుంచి చూసినప్పుడు కింగ్ పిన్ పైభాగం వెనక్కి వాలడం, దాని వల్ల టైరు నేలను తాకే చోటు కింగ్ పిన్ గీతకు వెనకపడి, ఆ గీతను అనుసరిస్తూ వస్తుంది. రెండు వైపులా కాస్టర్ సమానంగా లేకపోతే బండి తక్కువ ఉన్న వైపుకు లాగుతుంది. క్యాంబర్ తేడా ఉంటే ఎక్కువ పాజిటివ్ ఉన్న వైపుకు లాగుతుంది. టో తేడా వల్ల మాత్రం నికరమైన లాగుడు రాదు, స్టీరింగ్ వీల్ వంకరగా నిలుస్తుంది, టైర్లు అరుగుతాయి. 'లాగుతోంది' అని వచ్చిన బండికి టో తిప్పి పంపడం ఎందుకు పనికిరాదో ఇక్కడే తెలిసిపోతుంది.

ఒక మిల్లీమీటరు లెక్క

2.4 మిల్లీమీటర్ల టో-ఇన్‌ను రిమ్ అంచు దగ్గర కొలవాలి. 14 అంగుళాల రిమ్ బయటి అంచు వ్యాసం సుమారు 390 మిల్లీమీటర్లు. ఆ లెక్కన రెండు చక్రాలూ కలిపి మొత్తం టో కోణం దాదాపు 21 నిమిషాలు (కోణాల లెక్కలో డిగ్రీకి 60 నిమిషాలు), అంటే డిగ్రీలో సుమారు మూడో వంతు. ఇప్పుడు ఒక టై రాడ్ ఎండ్‌లో 1 మిల్లీమీటరు లూజు ఉందనుకుందాం. కింగ్ పిన్ గీత నుంచి స్టీరింగ్ ఆర్మ్ పొడవు 125 మిల్లీమీటర్లని ఉజ్జాయింపుగా తీసుకుంటే, ఆ ఒక్క మిల్లీమీటరు చక్రాన్ని 27 నిమిషాలు తిప్పుతుంది. మొత్తం బండికి చెప్పిన టో కంటే ఒక్క జాయింటులోని లూజు ఎక్కువన్నమాట. అలాంటి బండి మీద మెషీన్ అర నిమిషం తేడా లేకుండా టో పెట్టినా ఆ అంకెకు విలువ లేదు. మొదటి గుంతలోనే చక్రం లూజు ఉన్నంత మేర ఇటు నుంచి అటు మారుతుంది.

క్యాంబర్ కథా అదే. పై జాయింటుకూ కింది జాయింటుకూ మధ్య ఎత్తు 200 మిల్లీమీటర్లు అనుకుంటే, పక్కవాటు 1 మిల్లీమీటరు లూజు క్యాంబర్‌ను 0.3 డిగ్రీ మారుస్తుంది. కింగ్ పిన్, ఐబోల్ట్ బుష్, షాకబ్జర్ బేరింగ్ (వీటి సంగతి కింద వస్తుంది) మూడింటిలోనూ తలా కాస్త అరుగుదల ఉంటే ఆ ముక్కలన్నీ కలిసి 1 డిగ్రీ దగ్గరికి చేరతాయి. ఏ ఒక్క భాగమూ 'పాడైంది' అనిపించేంతగా అరగదు. అందుకే "అన్నీ చూశాం, ఏమీ లేదు" అన్న మాట తరచూ వినిపిస్తుంది.

ముందుగా పక్కన పెట్టాల్సినవి

స్పానర్ పట్టుకునే ముందు టైర్లు చూడాలి. ట్రెడ్ మీద అడ్డంగా అరచేయి రాస్తే ఒకవైపు నున్నగా, తిరుగు దారిలో రంపంలా తగిలితే అది టో తప్పు. ఒక్క భుజమే అరిగితే క్యాంబర్. రెండు భుజాలూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే గాలి ఎక్కువ. అక్కడక్కడ గుంటలు పడితే షాకబ్జర్, వీల్ బ్యాలెన్సింగ్ లేదా జాయింట్ల లూజు.

రేడియల్ టైర్లున్న బండి ఒకవైపు లాగుతుంటే ముందు రెండు చక్రాలనూ అటుది ఇటూ ఇటుది అటూ మార్చి నడపాలి. లాగుడు కూడా అటు మారితే దోషం టైరుదే. చాలామంది ఈ పని చెయ్యకుండానే సస్పెన్షన్ విప్పుతారు. బ్రేకులు కూడా చూడాలి. కొంతదూరం నడిపి ఆపి, రెండు డ్రమ్ముల వేడిని చేత్తో పోల్చాలి. ఒకటి కాలిపోతూ ఉంటే అక్కడ బ్రేక్ పట్టుకుని వదలడం లేదు. ఎడమ పక్కన నడిచే మన రోడ్లు నీళ్లు పారడానికి ఎడమకు వాలి ఉంటాయి కాబట్టి కాస్త ఎడమ లాగుడు సహజం. నడుమ ఎత్తు లేని సమతల రోడ్డు మీద చూసి తేల్చుకోవాలి.

లూజు వెతకడం: జాకీ ఎక్కడ పెట్టారన్నదే కీలకం

చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపి చూడటం అందరూ చేసే పనే. మైనర్‌లో అది చాలాసార్లు అబద్ధం చెబుతుంది. జాకీని చాసిస్ లెగ్ (బాడీ కింద ముందు సస్పెన్షన్‌ను మోసే దూలం) కింద పెట్టి లేపితే చక్రం వేలాడుతుంది, కానీ టార్షన్ బార్ బిగువు పూర్తిగా పోదు. అది కింది ఆర్మ్‌ను ఇంకా కిందికి నొక్కుతూనే ఉంటుంది. ఆ ఒత్తిడిలో కింగ్ పిన్ రెండు చివర్లూ సాగదీసినట్టు బిగుసుకుంటాయి, ఆ చివర్లలో అరిగిన మర (స్క్రూ చుట్ల) సందు కనిపించకుండా పోతుంది. ఊపిన మనిషికి "బాగానే ఉంది" అనిపిస్తుంది. జాకీని కింది ఆర్మ్ బయటి చివర కింద పెట్టి, టైరు నేల నుంచి కొద్దిగా లేచేంత వరకే ఎత్తితే టార్షన్ బార్ బరువు జాకీ మీదికి పోతుంది, జాయింటు వదులవుతుంది. అప్పుడు టైరు కింద గడ్డపార పెట్టి పైకి మీటితే అసలు లూజు బయటపడుతుంది. బండి ఎలా లేపినా చాసిస్ కింద స్టాండ్లు పెట్టనిదే ఎవరూ కిందికి దూరకూడదు.

చక్రం ఊగుతోంది సరే, ఊగేది వీల్ బేరింగా, కింగ్ పిన్నా? ఒకరు లోపల కూర్చుని బ్రేక్ గట్టిగా తొక్కాలి, ఇంకొకరు చక్రం ఊపాలి. బ్రేక్ తొక్కగానే ఊపు పోతే లూజు బేరింగుది. బ్రేక్ తొక్కినా ఊపు ఉంటే కింగ్ పిన్ వైపుది. కొత్త కింగ్ పిన్ కొని వేసి, చివరికి బేరింగే పోయిందని తెలుసుకోవడం కంటే ఈ పరీక్ష ఎంతో చవక.

టై రాడ్ ఎండ్లను లేపి చూడకూడదు. బండి నాలుగు చక్రాల మీద ఉండగానే ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడిస్తుంటే, ఇంకొకరు ఒక్కో జాయింటు మీద వేళ్లు పెట్టి చూడాలి. బరువు కింద జాయింటు లోపల కదిలే టక్కు కంటికి కనపడకపోయినా వేలికి తెలుస్తుంది. ర్యాక్‌ను పట్టి ఉంచే క్లాంపులను కూడా ఇలాగే చూడాలి. స్టీరింగ్ ఆడిస్తుంటే ర్యాక్ గొట్టమే పక్కకు జరుగుతూ ఉంటే, అన్ని జాయింట్లూ కొత్తవే అయినా టో నిలవదు.

మైనర్ బలహీనత: మర ఉన్న ట్రన్నియన్

ఈ కారు గురించి ఏ ఒక్క సంగతైనా బాగా తెలుసుకోవాలంటే అది ట్రన్నియన్ సంగతి. మైనర్ కింగ్ పిన్ మామూలు బుష్‌లో తిరిగే కడ్డీ కాదు. దాని పై చివరా కింది చివరా మరలు ఉంటాయి, ఆ మరల మీద ట్రన్నియన్లు (కింగ్ పిన్‌ను సస్పెన్షన్ ఆర్మ్‌లకు కలిపే, లోపల మర ఉన్న దిమ్మలు) ఎక్కి ఉంటాయి. స్టీరింగ్ తిప్పినప్పుడు కింగ్ పిన్ మరలో తిరుగుతూ రవ్వంత ఎక్కుతుంది, దిగుతుంది. అందుకే ఒక వైపు మర కుడి చుట్టు, రెండో వైపు ఎడమ చుట్టు. భాగాలను తారుమారు చేయడానికి వీల్లేదు.

ముందు చక్రం మీది బరువంతా కింది మర మీదే పడుతుంది. పైగా నీళ్లూ బురదా నేరుగా తగిలే చోటు అది. గ్రీజు ఉన్నంతకాలం ఆ మర ఎంతో కాలం మన్నుతుంది. గ్రీజు ఆగిపోతే బురదే సానరాయి పని చేస్తుంది. మర పళ్లు పలచబడతాయి, సందు పెరుగుతుంది. చక్రం నిలబడ్డప్పుడు పైభాగం లోపలికి వాలి 1 డిగ్రీ పాజిటివ్ కాస్తా సున్నాకో నెగటివ్‌కో పోతుంది. షాపులో ఆ రోజు టో సరిచేస్తారు. మర మరింత అరిగి టో మళ్లీ మారుతుంది. అలా చేస్తూ పోతే ఒక రోజు పళ్లు పూర్తిగా జారి కింగ్ పిన్ ట్రన్నియన్ నుంచి ఊడిపోతుంది, చక్రం బండి కిందికి మడుచుకుపోతుంది. మైనర్లలో ఇది పేరుపడ్డ ప్రమాదం. కాబట్టి ఎలైన్‌మెంట్ నిలవకపోవడం ఇక్కడ టైర్ల ఖర్చుతో పోయే సమస్య కాదు. అది ఒక హెచ్చరిక, మెషీన్ మీద టో సరిపెట్టేసి ఆ హెచ్చరికను నొక్కేయకూడదు.

గ్రీజు కొట్టే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. చక్రం మీద బరువు ఉండగా నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) లోకి గ్రీజు కొడితే అది బరువు లేని వైపు నుంచి బయటికి వచ్చేస్తుంది, బరువు మోసే మర ముఖం పొడిగానే మిగులుతుంది. చక్రం లేపి, స్టీరింగ్‌ను ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పుతూ, పాత నల్ల గ్రీజు పోయి కొత్తది బయటికొచ్చేదాకా కొట్టాలి. నిపుల్ మూసుకుపోయి గన్ వెనక్కి తన్నుతుంటే అది మార్చాలి. పైన తుడిచేసి ఊరుకోవడం ఆ జాయింటుకు చేసే ద్రోహం. ట్రయంఫ్ హెరాల్డ్, స్పిట్‌ఫైర్ కార్లలో కూడా మరల ట్రన్నియన్లే ఉంటాయి గానీ వాటికి ఫ్యాక్టరీ చెప్పింది ఇపి 90 గేర్ ఆయిల్. ఒక బండి అలవాటు ఇంకో బండికి పెడితే నష్టమే.

కొత్త ట్రన్నియన్ వేసేటప్పుడు పాత కింగ్ పిన్‌ను ఉంచేయడం ఇంకో పొరపాటు. అరిగిన పన్ను మీద కొత్త పన్ను కూర్చోదు. రెండూ జతగా మార్చాలి, విడిగా బల్ల మీదే జత చేసి లూజు చూసుకోవాలి. ఇప్పుడు దొరికే కొత్త భాగాలన్నీ ఒకే నాణ్యతతో ఉండవు. కాబట్టి డబ్బాలోంచి తీసిందే మంచిదని నమ్మకుండా వెర్నియర్‌తో కొలిచి బిగించడం మేలు.

రబ్బరు, షాకబ్జర్

కింది ఆర్మ్ లోపలి చివర ఐబోల్ట్ అనే గుండు బోల్టులో ఉంటుంది. దాని చుట్టూ రబ్బరు బుష్. ఆ బుష్ నలిగితే లోపలి కీలు తన చోటి నుంచి పక్కకు జరుగుతుంది, క్యాంబర్ దానితోపాటే పోతుంది. ఆర్మ్ నుంచి ముందుకు చాసిస్ లెగ్ దాకా వెళ్లే టై బార్‌కు కూడా రబ్బర్లు ఉంటాయి. ఆర్మ్ ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టి ఉంచేది ఈ కడ్డీయే. బ్రేక్ వేసినప్పుడు రోడ్డు చక్రాన్ని వెనక్కి నెడుతుంది. రబ్బరు అరిగితే కింగ్ పిన్ కింది చివర వెనక్కి జరిగి కాస్టర్ తగ్గుతుంది. ఒకవైపే అరిగితే బండి అటే లాగుతుంది, మెషీన్ మీద నిలబెట్టినప్పుడు మాత్రం అంకెలన్నీ బాగానే ఉంటాయి. బ్రేక్ వేసినప్పుడే వచ్చే లాగుడుకు బ్రేక్ సిలిండర్లు మార్చి, లైనింగులు మార్చి, చివరికి ఈ చిన్న రబ్బరు దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది.

రబ్బరు బుష్‌లు బిగించే పద్ధతి పుస్తకంలో ఒక్క వాక్యమే ఉన్నా పనంతా దాని మీదే ఆధారపడుతుంది. బండి గాలిలో ఉండగా, చక్రం వేలాడుతుండగా నట్లు పూర్తిగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టుకుంటుంది. బండి నేలకు దిగగానే మెలితిరుగుతుంది, ఎప్పుడూ ఆ మెలిలోనే ఉండి తొందరగా చిరుగుతుంది. ఎత్తూ తప్పుతుంది. నట్లు చేత్తో తిప్పి వదిలేసి, బండిని దింపి, ముందు భాగాన్ని రెండు మూడు సార్లు నొక్కి వదిలి, నాలుగడుగులు నడిపి, అప్పుడు తుది బిగింపు చెయ్యాలి.

మైనర్‌లో షాకబ్జర్‌కు ఇంకో ఉద్యోగం కూడా ఉంది. లివర్ రకం షాకబ్జర్ చేయే పై సస్పెన్షన్ ఆర్మ్. కాబట్టి దాని లోపలి ఇరుసు బేరింగు అరిగితే అది కుదుపు సమస్యగా మిగలదు, నేరుగా క్యాంబర్ లూజవుతుంది. ఆయిల్ నింపితే డ్యాంపింగ్ కొంత తిరిగొస్తుంది గానీ అరిగిన ఇరుసు బాగుపడదు. చేయిని పక్కవాటుగా ఊపి చూసి, లూజు ఉంటే రీకండిషన్ చేసినది వెయ్యాల్సిందే. షాకబ్జర్‌ను చాసిస్‌కు పట్టే బోల్టులు వదులైనా ఇదే లక్షణం.

ఎత్తు తప్పితే కోణమూ తప్పుతుంది

దశాబ్దాలు బరువు మోసిన టార్షన్ బార్లు కొంత వాలతాయి. తరచూ డ్రైవరు వైపుది ఎక్కువ వాలుతుంది. ముందు భాగం దిగితే కింది ఆర్మ్ కోణం మారుతుంది, దానితో క్యాంబర్, టో రెండూ మారతాయి. అందువల్ల కోణాలు కొలిచే ముందే రెండు వైపుల ఎత్తూ కొలిచి సమం చేయాలి. టార్షన్ బార్ వెనక చివర నేల కింది క్రాస్‌మెంబర్ దగ్గర లివర్‌కు బిగించి ఉంటుంది. ఎత్తు సర్దేది అక్కడే. ఒక జాగ్రత్త: ఎడమ బార్ ఎడమకే, కుడి బార్ కుడికే. ఒక దిశలో మెలికి అలవాటుపడిన ఉక్కును తిరగేసి పెడితే విరగొచ్చు. పైప్ రెంచితో పట్టి గీతలు పెట్టినా ఆ గీత దగ్గరే పగులు మొదలవుతుంది. బిగువుతో ఉన్న బార్‌ను విప్పడం అనుభవం లేనివాళ్లు చేయాల్సిన పని కాదు.

లుక్ కోసం బండిని కావాలని దించడం, వెడల్పు రిమ్ములు వేయడం ఇప్పుడు ఎక్కువే. రిమ్ ఆఫ్‌సెట్ (రిమ్ ఎంత లోపలికి లేదా బయటికి నిలుస్తుందన్నది) మారితే టైరు నేలను తాకే చోటు కింగ్ పిన్ గీతకు దూరమవుతుంది. ప్రతి గుంతా స్టీరింగ్‌ను గుంజుతుంది, పాత కింగ్ పిన్ మీద భారం పెరుగుతుంది. అలాంటి బండికి ఫ్యాక్టరీ అంకెలు పెట్టినా ఫ్యాక్టరీ నడక రాదు.

బండి అసలు నేరుగా ఉందా

జాయింట్లన్నీ కొత్తవే, ఎత్తు సమంగానే ఉంది, అయినా ఒక వైపు క్యాంబర్ కుదరకపోతే చూపు బాడీ మీదికి వెళ్లాలి. మైనర్‌కు విడి చాసిస్ లేదు. ముందు సస్పెన్షన్ అంతా బాడీతో కలిసిన చాసిస్ లెగ్‌ల మీద వేలాడుతుంది. లోపల్నుంచి తుప్పు పట్టిన లెగ్ పైకి బాగానే కనిపిస్తూ బరువు కింద వంగుతుంది. ఐబోల్ట్ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. ఎప్పుడో జరిగిన యాక్సిడెంట్‌కు టింకరింగ్ చేసి పుట్టీ పెట్టి రంగు వేసిన బండ్లలో లెగ్ అరంగుళం పక్కకు ఉన్నా పైనుంచి ఎవరికీ తెలియదు.

దీనికి టేపు చాలు. మైనర్ వీల్‌బేస్ 86 అంగుళాలు, అంటే 2,184 మిల్లీమీటర్లు. స్టీరింగ్ నేరుగా పెట్టి రెండు వైపులా కొలిస్తే సమానంగా రావాలి. తేడా ఉంటే తప్పు ముందుదా వెనకదా తేల్చడానికి చాసిస్ మీది స్థిరమైన రంధ్రాల నుంచి ఐమూలగా కొలవాలి. వెనక ఇరుసు కమాన్ కట్టల మీద యు-బోల్టులతో బిగించి ఉంటుంది. కట్ట నడుమ బోల్టు తెగినా, యు-బోల్టు వదులైనా ఇరుసు ఒక పక్క వెనక్కి జరిగి బండి కొంచెం ఏటవాలుగా నడుస్తుంది. నడిపేవాడు తెలియకుండానే స్టీరింగ్‌ను కాస్త తిప్పి పట్టుకుంటాడు. ముందు చక్రాల మీద ఎంత పని చేసినా ఆ వంకర పోదు.

కొలత, చివర్లో టో

ఇన్ని అయ్యాకే టో దగ్గరికి రావాలి. ముందు ర్యాక్‌ను నడిమికి తేవాలి. ఒక చివర నుంచి ఇంకో చివరకు స్టీరింగ్ ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టి సగానికి ఆపాలి. రెండు టై రాడ్ల మీద బయటికి కనిపించే మరల పొడవు సమానంగా ఉండాలి. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ చేసి టో కుదిరిస్తే నేరుగా వెళ్లేటప్పుడు అంకె సరిగానే ఉంటుంది, మలుపుల్లో ఎడమకూ కుడికీ వేరువేరుగా తిరుగుతుంది, గుంతల్లో స్టీరింగ్ దానంతట అది కదులుతుంది.

ఇంటి దగ్గర కొలవడానికి సులువైన దారి ఉంది. సమతలమైన నేల మీద బండిని కొంచెం ముందుకు నడిపి ఆపాలి. రిమ్‌ల వెనక అంచున ఇరుసు ఎత్తులో సుద్దతో గుర్తు పెట్టి, రెండు గుర్తుల మధ్య దూరం కొలవాలి. బండిని ముందుకే తోసి ఆ గుర్తులు ముందు వైపు అదే ఎత్తుకు వచ్చాక మళ్లీ కొలవాలి. రెండు కొలతల తేడాయే టో. అవే గుర్తులను రెండుసార్లు కొలవడం వల్ల రిమ్ వంకర లెక్కలోంచి పోతుంది. వెనక్కి తోస్తే లూజులు తిరగబడి తప్పుడు అంకె వస్తుంది. టైరు బయటి అంచు దగ్గర కొలిచి 2.4 మిల్లీమీటర్లు పెట్టినా తప్పే. టైరు వ్యాసం సుమారు 590 మిల్లీమీటర్లు కాబట్టి అక్కడి 2.4 మిల్లీమీటర్లు 14 నిమిషాలే అవుతాయి. ఒక షాపు అంకెకూ ఇంకో షాపు అంకెకూ తేడా చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. ఒకరు మిల్లీమీటర్లలో, ఒకరు డిగ్రీల్లో, ఒకరు ఒక్క చక్రానికి, ఒకరు రెండింటికీ కలిపి చెబుతుంటారు.

కాస్టర్‌ను కూడా కొలవొచ్చు. చక్రాల కింద గ్రీజు రాసిన రెండేసి పలకలు పెట్టి, చక్రాన్ని 20 డిగ్రీలు బయటికీ 20 డిగ్రీలు లోపలికీ తిప్పి, రెండు చోట్లా క్యాంబర్ చూడాలి. ఆ తేడాను 1.5తో గుణిస్తే కాస్టర్ వస్తుంది. 3 డిగ్రీలు ఉండాల్సిన చోట తేడా దాదాపు 2 డిగ్రీలు రావాలి. రెండు వైపులా సమానంగా ఉండటమే అసలు అంకె కంటే ముఖ్యం.

షాపులోని కెమెరా మెషీన్ మంచి కొలత పరికరమే, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. చిక్కల్లా దాని జాబితాలో పాత కారు లేకపోతే ఆపరేటరు దగ్గరగా అనిపించిన ఏదో ఒక మోడల్ ఎంచుకోవడంలో ఉంది. అప్పుడు ఎరుపూ ఆకుపచ్చా వేరే కారువి. కాగితం మీద మన అంకెలు రాసి తీసుకెళ్లి, పని మొదలుపెట్టే ముందు కొలతల ప్రింటు అడగాలి. పని అయ్యాక ఇచ్చే ప్రింటు కంటే అదే ఎక్కువ ఉపయోగం. కాస్టర్ కొలవకుండా టో ఒక్కటే చూపించే షాపుకు ఈ బండిని తీసుకెళ్లి లాభం లేదు.

రేడియల్ టైర్ల మీద 2.4 మిల్లీమీటర్ల టో-ఇన్ ఎక్కువే. ఆ అంకె పాత క్రాస్‌ప్లై (లోపలి దారాలు ఏటవాలుగా అల్లిన పాత రకం) టైర్ల కాలానిది. కొంత తగ్గించి పెట్టి టైరు అరుగుదల చూసుకుంటూ సర్దుకోవడం మంచిది. ముందు రేడియల్, వెనక క్రాస్‌ప్లై వేయడం మాత్రం ఏ బండిలోనూ చేయరాదు, మలుపులో వెనక భాగం ముందుగా పట్టు వదులుతుంది. బ్రిటన్‌లో అది చట్టవిరుద్ధం కూడా.

టో కుదిరాక లాక్ నట్లు బిగించేటప్పుడు టై రాడ్ తిరగకుండా రెండో స్పానర్‌తో పట్టుకుని, బిగించాక ఇంకోసారి కొలవాలి, అక్కడే అర మిల్లీమీటరు పోతుంది. రెండు వైపుల క్యాంబర్, కాస్టర్, ఎత్తు, వీల్‌బేస్ ఒక పుస్తకంలో తేదీతో రాసిపెట్టుకోవాలి. కొత్త రబ్బర్లు వేసిన బండి 500 కిలోమీటర్లు తిరిగాక సర్దుకుంటుంది కాబట్టి అప్పుడు మళ్లీ కొలవాలి. టో ఒక్కటే మారి ఉంటే ర్యాక్ క్లాంపులు, టై రాడ్ ఎండ్లు చూడాలి. క్యాంబర్ కూడా కదిలి ఉంటే ఏ వైపుది కదిలిందో పుస్తకంలో చూసి, ఆ వైపు కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి ట్రన్నియన్ దగ్గర నుంచి మొదలుపెట్టాలి.